పౌరుష గ్రంథి కేన్సరు: తొందరా వద్దు, దాపరికమూ వద్దు

అరవై దాటిన మగవాడు రాత్రి నాలుగైదు సార్లు లేచి పెరట్లోకి వెళ్ళి వస్తూంటే మన పల్లెల్లో దాన్ని జబ్బుగా ఎవరూ లెక్కించరు. వయసు మీద పడిందని సరిపెట్టుకుంటారు. ధార సన్నబడినా, లేచి నిలబడ్డాక నాలుగు బొట్లు పంచె మీద పడినా ఆయన భార్యతో కూడా చెప్పడు. ఇక మూత్రం పూర్తిగా బిగిసిపోయి, పొత్తికడుపు ఉబ్బి, అర్ధరాత్రి ఆటో కట్టించుకుని శ్రీకాకుళమో, టెక్కలో, పలాసో పరుగెత్తే రోజు వచ్చేదాకా విషయం బయటపడదు.

వీరిలో ఎక్కువ మందికి ఉన్నది వయసుతో పాటు వచ్చే వాపు మాత్రమే. మందులతోనో, చిన్న ఆపరేషన్‌తోనో తీరిపోతుంది. కొందరికి మాత్రం పరీక్షలు చేయగా కేన్సరని తేలుతుంది. ఆ మాట చెవిన పడగానే ఇంట్లో రెండు రకాల పొరపాట్లు జరుగుతాయి. 'రేపే కోయించెయ్యండి' అని కొడుకులు పొలం కాగితాలు పట్టుకుని పరుగెత్తడం ఒకటి. 'ఈ వయసులో కత్తెందుకు, ఉన్నన్నాళ్ళు ఉంటాను' అని పెద్దాయన నాటు మందుకి వెళ్ళిపోవడం రెండవది. ఈ కేన్సరు విషయంలో రెండూ నష్టమే. ఎందుకంటే చాలామందికి ఇది నిదానంగా పెరిగే జబ్బు. ఆలోచించుకోవడానికి వ్యవధి ఇస్తుంది. అలాగని ఊరికే వదిలేస్తే కొందరిలో ఎముకలకు పాకి, మంచాన పడేస్తుంది. ఎవరిది ఏ రకమో తెలుసుకుని, దానికి తగిన వైద్యం ఎంచుకోవడమే ఇక్కడ అసలు పని.

వాపు ఆపరేషన్ వేరు

పౌరుష గ్రంథి అంటే డాక్టర్లు ప్రోస్టేటు అనేది. మూత్రాశయానికి సరిగ్గా కింద, మూత్రనాళం చుట్టూ కడియంలా ఉంటుంది. వయసులో ఉన్నప్పుడు పెద్ద ఉసిరికాయంత. వీర్యంలోని ద్రవంలో కొంత భాగం ఇక్కడే తయారవుతుంది. వయసు పైబడ్డాక గ్రంథి లోపలి భాగం వాచి నాళాన్ని నొక్కుతుంది. మూత్రం ఇబ్బందులు చాలావరకు దీనివల్లే. కేన్సరు ఎక్కువగా పుట్టేది గ్రంథి బయటి భాగంలో. అందువల్ల మొదట్లో అది మూత్రానికి అడ్డం రాదు, నొప్పీ పెట్టదు. 'నాకు మూత్రం బాగానే వస్తోంది కదా' అన్న ధైర్యానికి ఆధారం లేదన్నమాట.

ఇంకో అపోహ కూడా బాగా వ్యాపించి ఉంది. 'మా మావకి ఆ గ్రంథి ఆపరేషన్ పదేళ్ళ కిందటే అయిపోయింది, ఇంక కేన్సరెలా వస్తుంది' అంటుంటారు. వాపుకు చేసే ఆపరేషన్‌లో నాళాన్ని నొక్కే లోపలి భాగాన్నే తీస్తారు. బయటి పొర అక్కడే ఉండిపోతుంది. తర్వాత దానిలో కేన్సరు రావచ్చు. దక్షిణాఫ్రికా నాయకుడు నెల్సన్ మండేలా జైలులో ఉండగా 1985లో ఈ గ్రంథి వాపుకు ఆపరేషన్ చేయించుకున్నారు. 2001లో అదే గ్రంథిలో కేన్సరని తేలింది. అప్పటికి ఆయనకు 83 ఏళ్ళు. కత్తి జోలికి పోకుండా కిరణ చికిత్స తీసుకున్నారు. ఆ తర్వాత పన్నెండేళ్ళు బతికి 2013 డిసెంబరులో, తొంభై అయిదేళ్ళ వయసులో కన్నుమూశారు.

మన ఉద్దానం మండలాల వారు మరో సంగతి గుర్తుంచుకోవాలి. కిడ్నీ జబ్బు అక్కడ ఇంటింటి మాట కావడంతో, మూత్రం ఇబ్బంది ఏది వచ్చినా కిడ్నీ ఖాతాలో రాసేస్తున్నారు. గ్రంథి అడ్డుపడి మూత్రం వెనక్కి తన్నినా కిడ్నీలు పాడవుతాయి. ఇది అడ్డు తొలగిస్తే కుదుటపడే అవకాశం ఉన్న పాటు. కడుపు స్కానింగ్ ఒక్కటి తీస్తే చాలా వరకు తెలిసిపోతుంది. క్రియాటినిన్ ఎక్కువున్న వారు ఆ చీటీని ప్రతి డాక్టరుకీ మొదటే చూపించాలి. స్కానింగ్‌కు ఎక్కించే రంగు మందు దగ్గర నుంచి ఆపరేషన్ తర్వాత ఇచ్చే నొప్పి బిళ్ళల వరకు అన్నీ దాన్నిబట్టి మారతాయి.

ఫైలులో ఏముందో చదివించుకోండి

మొదటి పరీక్ష రక్తంతో చేస్తారు. దీన్ని పి.ఎస్.ఎ. అంటారు. నాలుగు లోపు ఉంటే మామూలుగా భయం లేదంటారు. నాలుగు దాటినంత మాత్రాన కేన్సరు కాదు. వాపు ఉన్నా, చీము పట్టినా, మూత్రం బిగిసి గొట్టం వేసినా ఈ అంకె పెరుగుతుంది. అటువంటప్పుడు కొన్ని వారాలాగి మళ్ళీ చేయిస్తారు. దీనికి తిరగబడిన మెలిక కూడా ఉంది. వాపు తగ్గడానికి వాడే ఫినాస్టెరైడ్, డ్యూటాస్టెరైడ్ బిళ్ళలు ఆరు నెలలుగా మింగుతున్న వారిలో ఈ అంకె సగానికి పడిపోతుంది. మూడు అని వస్తే దాన్ని ఆరుగా చూసుకోవాలి. కాబట్టి మందుల చీటీ దాచకుండా చూపించాలి.

తర్వాత డాక్టరు వెనుక నుంచి వేలితో గ్రంథిని తడిమి చూస్తారు. అర నిమిషం పని. సిగ్గుపడి ఈ పరీక్ష వద్దనే వారు చాలామంది. గట్టిగా రాయిలా గడ్డ తగిలితే ఆ వేలికే తెలుస్తుంది, మిషన్ అక్కర్లేదు. ఎం.ఆర్.ఐ. తీసి, అనుమానం ఉంటే సూదితో పది పన్నెండు చోట్ల నుంచి చిన్న ముక్కలు తీస్తారు. ఇదే బయాప్సీ. 'సూది గుచ్చితే కేన్సరు పాకుతుంది' అన్న మాట మన వైపు గట్టిగా వినిపిస్తుంది. ఆ మాట నమ్మి ఆగిపోతే జబ్బు ఏ రకమో తేలే దారే మూసుకుపోతుంది.

ముక్క పరీక్ష కాగితంలో గ్లీసన్ అనే పేరు పక్కన రెండు అంకెలు కూడి ఉంటాయి. అమెరికా డాక్టరు డొనాల్డ్ గ్లీసన్ 1966లో ఈ లెక్క పెట్టారు. 3, 3 కలిపి 6 అంటే నెమ్మదైన రకం. 7 మధ్య రకం. అందులోనూ 3, 4 అని ఉంటే కొంత నయం, 4, 3 అని ఉంటే కొంత గడుసు. 8 నుంచి 10 దాకా తొందరగా పాకే రకం. పెద్ద అంకె వస్తే ఎముకల స్కాన్ కూడా తీసి, గ్రంథి దాటిందా లేదా చూస్తారు. పి.ఎస్.ఎ. ఎంత, గ్లీసన్ ఎంత, గ్రంథి దాటిందా: ఈ మూడు సంగతులు తెలియకుండా ఏ వైద్యానికీ ఒప్పుకోవద్దు. రెండో డాక్టరుకి చూపించాలనిపిస్తే కాగితం ఒక్కటే కాదు, ముక్కలు పరీక్షించిన గాజు పలకలు, మైనపు దిమ్మెలు కూడా ల్యాబు నుంచి అడిగి తీసుకెళ్ళవచ్చు. అడిగితే ఏమనుకుంటారోనని మొహమాటపడవద్దు. ఇది రోజూ జరిగే పనే.

ఒకే ఊరు, ఇద్దరు మనుషులు

సోంపేట పక్కన ఒక ఊళ్ళో ఇద్దరున్నారనుకుందాం. పెద్దాయనకు 74 ఏళ్ళు, గుండెకు స్టెంటు వేశారు, గ్లీసన్ 6, జబ్బు గ్రంథి దాటలేదు. రెండో ఆయన కౌలు రైతు, 62 ఏళ్ళు, గట్టి మనిషి, గ్లీసన్ 7. ఇద్దరికీ కేన్సరే. ఇద్దరికీ ఒకే వైద్యం కాదు.

పెద్దాయన విషయంలో చాలామంది డాక్టర్లు ఇప్పుడు చెబుతున్నది 'చూస్తూ ఉందాం' అని. ఇది గాలికి వదిలేయడం కాదు. ఆరు నెలలకోసారి రక్త పరీక్ష, ఏడాదికోసారి వేలి పరీక్ష, అవసరాన్నిబట్టి ఎం.ఆర్.ఐ., మళ్ళీ ముక్క పరీక్ష. జబ్బు ముదురుతున్న జాడ కనబడితే అప్పుడు వైద్యం మొదలుపెడతారు. కేన్సరుంటే ఊరికే ఎలా కూర్చోవడమని ఇంట్లో వాళ్ళు కంగారు పడతారు. వారు వినవలసిన లెక్క ఒకటుంది. 1999 నుంచి 2009 వరకు బ్రిటన్‌లో 1,643 మంది రోగులను మూడు వర్గాలు చేశారు. అందరూ 50 నుంచి 69 ఏళ్ళ మధ్యవారు, అందరిలోనూ జబ్బు గ్రంథి దాటనిదే. ఒక వర్గానికి ఆపరేషన్, ఒక వర్గానికి కిరణాలు, మూడో వర్గాన్ని గమనిస్తూ ఉండడం. 15 ఏళ్ళ తర్వాత 2023లో ఫలితాలు ప్రకటించారు. ఈ కేన్సరుతో చనిపోయిన వారు మూడు వర్గాల్లోనూ వందకు ముగ్గురు, అంతకు తక్కువో కొంచెం ఎక్కువో. తేడా అనదగ్గ తేడా లేదు.

ఆ లెక్కలో రెండో పక్క కూడా ఉంది. గమనిస్తూ ఉన్న వర్గంలో జబ్బు శరీరంలో మిగతా చోట్లకు పాకిన వారు వందకు తొమ్మిది మంది. మిగిలిన రెండు వర్గాల్లో అయిదుగురు. పైగా గమనించిన వర్గంలో సగం మందికి పైగా ఆ 15 ఏళ్ళలో ఏదో ఒక రోజున వైద్యం చేయించుకోక తప్పలేదు. పరీక్షలకు క్రమం తప్పకుండా రాగలిగిన వారికే ఈ దారి. 'పంట కోతలయ్యాక చూద్దాం' అని ఏడాది దాటించే వారికి ఇది పనికిరాదు.

కౌలు రైతు సంగతి వేరు. ఇంకా ఇరవై ఏళ్ళు బతకగల మనిషి. ఆయనకు రెండు దారులున్నాయి. గ్రంథిని మొత్తం తీసేసే ఆపరేషన్ ఒకటి, కిరణ చికిత్స ఒకటి. కిరణాలైతే కోత లేదు. కాని వారానికి అయిదు రోజుల చొప్పున నాలుగు వారాలో, కొన్ని చోట్ల ఏడెనిమిది వారాలో ఆస్పత్రికి వెళ్ళి రావాలి. మన జిల్లా వారికి దీని అర్థం విశాఖపట్నంలో గది తీసుకుని ఉండడమే. రోజూ ఆమదాలవలసలో రైలెక్కి తిరిగి రావడం కుదిరే పని కాదు. కిరణాల వల్ల కొందరికి మూత్రం మాటిమాటికీ రావడం, విరేచనంలో జిగురు, రక్తం కనబడడం ఉంటుంది. జబ్బు రకాన్నిబట్టి వీటితోపాటు ఆరు నెలలు మొదలు మూడేళ్ళ దాకా హార్మోను ఇంజక్షన్లు కూడా ఉండవచ్చు.

ఆపరేషన్ ఒక్కసారితో అయిపోతుంది. తీసిన గ్రంథిని పరీక్షిస్తారు గనుక జబ్బు ఎంతవరకు ఉందో ఖాయంగా తెలుస్తుంది. తర్వాత అవసరమైతే కిరణాలు పెట్టవచ్చు. ముందు కిరణాలు పెట్టించుకుని తర్వాత ఆపరేషన్‌కు వెళ్ళడం మాత్రం చాలా కష్టం. ఆపరేషన్‌కు చెల్లించవలసిన మూల్యం రెండు చోట్ల ఉంటుంది. మూత్రం ఆపుకోవడం ఒకటి, దాంపత్యం ఒకటి. బ్రిటన్ లెక్కల ప్రకారమే, ఆపరేషన్ అయిన ఆరు నెలలకు వందలో 46 మంది తడి పీల్చే గుడ్డలు వాడుతున్నారు. ఆరేళ్ళకు 17 మంది మిగిలారు. కిరణాల వర్గంలో ఇది వందకు నలుగురైదుగురే. అంగస్తంభన విషయానికొస్తే వైద్యానికి ముందు వందలో 67 మందికి సరిగా ఉండేది. ఆపరేషన్ అయిన ఆరు నెలలకు 12 మందికి, కిరణాల వారిలో 22 మందికి, గమనించిన వారిలో 52 మందికి ఉంది.

ఈ అంకెలు ఆపరేషన్ మీద భయం పెట్టడానికి రాసినవి కావు. ఈ మాట ముందు తెలియకుండా ఒప్పుకున్న మనిషి తర్వాత డాక్టరును తిట్టుకుంటాడు, ఇంట్లో మూలన కూర్చుంటాడు. అందుకే డాక్టరు దగ్గరికి ఆలుమగలిద్దరూ వెళ్ళడం మంచిది. కొడుకుల ముందు అడగలేని ప్రశ్నలు భార్య పక్కనుంటే అడగవచ్చు.

పొలం అమ్మి రోబోనా?

ఇప్పుడు నగరాల్లో 'రోబో ఆపరేషన్' మాట బాగా వినబడుతోంది. మర తనంతట తాను కోసేయదు. డాక్టరే పక్కన కూర్చుని మర చేతులను నడుపుతాడు. చిన్న చిన్న రంధ్రాలతో అయిపోతుంది. రక్తం తక్కువ పోతుంది, ఒకటి రెండు రోజులు ముందుగా ఇంటికి పంపుతారు. అంతవరకు నిజం. అయితే ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో మూడు వందల మందికి పైగా రోగులతో కోత ఆపరేషన్‌ను, రోబో ఆపరేషన్‌ను పోల్చి చూశారు. 2016లో, 2018లో ఫలితాలు వెలువడ్డాయి. రెండేళ్ళ తర్వాత చూస్తే మూత్రం ఆపుకోవడంలోగాని, దాంపత్యంలోగాని చెప్పుకోదగ్గ తేడా లేదు. మర కన్నా దాన్ని నడిపే చెయ్యి ముఖ్యమన్నమాట. 'డాక్టరు గారూ, ఈ ఆపరేషన్ మీరు ఇప్పటికి ఎన్ని చేశారు? ఏడాదికి ఎన్ని చేస్తారు?' అని అడగడం తప్పు కాదు. రోబో కోసం ఉన్న ఎకరం అమ్మే ముందు ఈ ప్రశ్న తప్పకుండా అడగాలి.

2007లో ఆరోగ్యశ్రీ పేరుతో మొదలై, మన రాష్ట్రంలో ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తున్న పథకం కింద కేన్సరు వైద్యం ఉంది. విశాఖలో కింగ్ జార్జి ఆస్పత్రి, అగనంపూడి వద్ద టాటా మెమోరియల్ వారి హోమీ భాభా కేన్సరు ఆస్పత్రి ఉన్నాయి. ఏ ఆస్పత్రిలో ఏ చికిత్స పథకం కింద వస్తుందో, ఏది రాదో చేరక ముందే పథకం కౌంటరులో కనుక్కోవాలి. రేషన్ కార్డు, ఆధారు, పాత కాగితాలన్నీ వెంట ఉండాలి. చేరిన తర్వాత అడిగితే బిల్లు చేతికొచ్చాక అడిగినట్టే.

తొందరపడే వారికి ఇంకో మాట. ముక్క పరీక్ష చేసిన చోట మానడానికి వ్యవధి ఇచ్చి, ఆరేడు వారాల తర్వాత ఆపరేషన్ చేయడం మామూలే. ఆ రోజుల్లో జబ్బు చేయి దాటిపోతుందేమోనని నిద్ర మానుకోనక్కర్లేదు. చుట్టా బీడీ మానేయడానికి, సుగరు, బి.పి. అదుపులోకి తెచ్చుకోవడానికి ఆ వ్యవధి వాడుకోవాలి. కింద చెప్పబోయే కండరాల వ్యాయామం కూడా అప్పుడే నేర్చుకుంటే తర్వాత సులువు.

గొట్టంతో ఇంటికి

ఆపరేషన్‌లో గ్రంథిని తీసేసి, మూత్రాశయాన్ని కింది నాళంతో కలిపి కుడతారు. ఆ కుట్టు మానే వరకు మూత్రం రబ్బరు గొట్టం ద్వారా సంచిలోకి పోవాలి. వారం నుంచి రెండు వారాల దాకా ఈ గొట్టం ఉంటుంది. చాలామంది గొట్టంతోనే ఇల్లు చేరతారు. ఇక్కడ అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇది: ఆ గొట్టం జారినా, మూసుకుపోయినా ఊళ్ళో ఆర్.ఎం.పి. చేత పీకించడంగాని, కొత్తది వేయించడంగాని చేయకూడదు. లోపలి కుట్టు తెగితే జీవితాంతం బాధ. ఆపరేషన్ చేసిన చోటికే, లేదా మూత్రకోశ వ్యాధుల డాక్టరున్న ఆస్పత్రికే వెళ్ళాలి. ఆస్పత్రి ఫోను నంబరు గోడ మీద రాసి ఉంచండి.

సంచి ఎప్పుడూ నడుము కన్నా కిందికే ఉండాలి. మంచం మీద పెట్టుకుంటే మూత్రం వెనక్కి పోతుంది. ముప్పాతిక నిండగానే ఖాళీ చేయాలి. గొట్టం బయటికొచ్చే చోట రోజూ సబ్బు నీళ్ళతో కడగాలి. పేంటు కన్నా లుంగీ సుఖం. మూత్రం లేత గులాబీ రంగులో వస్తే, ముక్కినప్పుడు గొట్టం పక్కనుంచి నాలుగు బొట్లు కారితే భయం లేదు. గడ్డలు గడ్డలుగా రక్తం వచ్చి సంచిలోకి చుక్క పడకపోయినా, చలి జ్వరం వచ్చినా, ఒక కాలు వాచి పిక్క నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా తెల్లారే దాకా ఆగకూడదు. కాలి నరంలో రక్తం గడ్డకట్టి గుండె ద్వారా ఊపిరితిత్తులకు ఎగబాకే ప్రమాదం ఈ ఆపరేషన్ తర్వాత కొన్ని వారాల పాటు ఉంటుంది. అందుకే రెండో రోజు నుంచే నడిపిస్తారు. ఇంటికొచ్చాక కూడా వీధి అరుగు నుంచి రామమందిరం దాకా రోజుకి నాలుగు సార్లు నడవాలి. పడుకోబెట్టి సేవ చేయడం ప్రేమే గాని మేలు కాదు.

పథ్యం సంగతి చెప్పుకోవాలి. పప్పు తింటే చీము పడుతుందని, నీళ్ళు తాగితే కుట్లు నానతాయని మన ఇళ్ళలో నోరు కట్టేస్తారు. కుట్లు మానడానికి పప్పు, గుడ్డు, చేప, పెరుగు కావలసినవే. నీళ్ళు రోజుకి రెండు మూడు లీటర్లు పోవాలి. కిడ్నీ జబ్బున్న వారు మాత్రం ఎంత తాగాలో డాక్టరునడిగి తాగాలి. మలబద్ధకం రానివ్వకూడదు, ముక్కితే లోపలి కుట్టు మీద ఒత్తిడి పడుతుంది. ఆకుకూర, అరటిపండు, ఇసబ్‌గోల్ పొట్టు ఉపయోగపడతాయి. ఎనిమా ఇవ్వకూడదు.

తడి ఆరడానికి నెలలు

గొట్టం తీసిన రోజు చాలామంది గుండె జారిపోతుంది. దగ్గితే మూత్రం, తుమ్మితే మూత్రం, లేచి నిలబడితే మూత్రం. ఇంతకాలం మూత్రాన్ని ఆపడానికి సాయపడిన గ్రంథి ఇక లేదు, కింది కండరం ఒంటరిగా ఆ పని నేర్చుకోవాలి. మొదట రాత్రి పడుకున్నప్పుడు తడి ఆగుతుంది. తర్వాత ఉదయం పూట. సాయంత్రం, అలసినప్పుడు ఆఖరున. మూడు నెలలకు చాలామందికి బాగా తగ్గుతుంది, ఏడాది దాకా మెరుగవుతూనే ఉంటుంది. ఏడాది తర్వాతా ధారగా పోతూంటే దానికి వేరే ఆపరేషన్లున్నాయి.

ఆ కండరానికి వ్యాయామం ఇలా. నలుగురిలో కూర్చున్నప్పుడు గాలి పోకుండా బిగబట్టుకుంటాం చూడండి, అదే బిగింపు. కడుపు, తొడలు, పిరుదులు బిగించకూడదు, ఊపిరి బిగబట్టకూడదు. అయిదు లెక్కపెట్టే దాకా బిగించి, అంతసేపూ వదలాలి. అలా పది సార్లు, రోజుకి మూడు పూటలు. గొట్టం ఉన్నన్నాళ్ళు మాత్రం చేయకూడదు. దగ్గబోయే ముందు, బరువెత్తబోయే ముందు బిగించడం అలవాటు చేసుకుంటే తడి తగ్గుతుంది. తడి పడుతుందని నీళ్ళు తాగడం మానేసేవారున్నారు. మూత్రం చిక్కబడి మంట పుట్టి, ఇంకా ఎక్కువసార్లు వస్తుంది. టీ, కాఫీ తగ్గించుకోవడం మేలు. మందుల షాపు డైపర్లు ఖరీదనుకుంటే ఉతికిన పాత నూలు పంచె ముక్కలు మడత పెట్టి లోపల పెట్టుకోవచ్చు. తడిసిన వెంటనే మార్చాలి, ఎండలో బాగా ఆరేయాలి. పెళ్ళికి పోలేను, గుడికి పోలేను అని ఇంట్లో ముడుచుకోనక్కర్లేదు. సంచిలో రెండు గుడ్డలు పెట్టుకుని బయల్దేరడమే.

పనిలోకి ఎప్పుడంటారా? ఆరు వారాల వరకు బిందె ఎత్తడం, కావిడి భుజాన వేయడం, పార పట్టడం కుదరదు. సైకిలు, మోటారు సైకిలు డాక్టరు చెప్పేదాకా వద్దు, ఆ సీటు ఒత్తిడి సరిగ్గా కుట్టు చోట పడుతుంది. కొబ్బరి చెట్లెక్కేవారు, వల లాగేవారు మూడు నెలల పని పోయినట్టే లెక్కవేసుకోవాలి. అందుకే వీలున్న వారు దమ్ములప్పుడు, కోతలప్పుడు కాకుండా మధ్యలో ఆపరేషన్ తేదీ అడగవచ్చు. నెమ్మది రకం జబ్బుకి నాలుగు వారాలు అటూ ఇటూ కావడం వల్ల నష్టం లేదని డాక్టరే చెబితే ఆ సదుపాయం వాడుకోవాలి.

చెప్పుకోలేని సంగతి

గ్రంథికి రెండు పక్కలా అంటుకుని సన్నని నరాలు పోతుంటాయి. స్తంభన వాటి పని. 1982లో అమెరికా డాక్టరు పాట్రిక్ వాల్ష్ ఆ నరాలను కాపాడుతూ గ్రంథి తీసే పద్ధతిని మొదలుపెట్టారు. అంతకుముందు ఈ ఆపరేషన్ అయినవారిలో దాదాపు అందరూ ఆ శక్తి కోల్పోయేవారు. జబ్బు నరాల దాకా వచ్చి ఉంటే కాపాడడం కుదరదు, ముందు ప్రాణం చూడాలి. కాపాడినా ఆ నరాలు కోలుకోవడానికి ఏడాదిన్నర, రెండేళ్ళు పట్టవచ్చు. బిళ్ళలున్నాయి, ఇంజక్షన్లున్నాయి. గుండె నొప్పికి నాలుక కింద బిళ్ళ పెట్టుకునేవారు ఆ బిళ్ళలు అసలు వాడకూడదు, బి.పి. పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. సంతలో అమ్మే 'శక్తి' పొడుల్లో ఏం కలుపుతారో ఎవరికీ తెలియదు. ఆపరేషన్ తర్వాత వీర్యం రాదు, సంతానం కలగదు. సుఖ భావన మాత్రం ఉండవచ్చు. ఈ మాటలు పత్రికలో రాయడమేమిటని కొందరనుకోవచ్చు. రాయకపోతే ఆయన సంతకి పోయి పొడి కొంటాడు.

దాచుకోవడం పల్లెటూరి వారికే అంటిన గుణం కాదు. ఫ్రాన్సు అధ్యక్షుడు మిత్తెరాకు 1981లోనే ఈ కేన్సరు ఎముకలకు పాకినట్టు తెలిసింది. పదకొండేళ్ళ పాటు దేశానికి చెప్పలేదు. 1992లో బయటపెట్టి, 1996 జనవరిలో మరణించారు. అమెరికా రక్షణ మంత్రి లాయిడ్ ఆస్టిన్ 2023 డిసెంబరులో ఈ ఆపరేషన్ చేయించుకుని, తర్వాత ఇన్ఫెక్షన్‌తో మళ్ళీ ఆస్పత్రిలో చేరితే ఆ సంగతి దేశాధ్యక్షుడికే కొన్ని రోజులు తెలియలేదు. తర్వాత ఆయన అందరి ముందూ క్షమాపణ చెప్పారు.

ఎముకలకు పాకినా

మిత్తెరా ఉదాహరణలోనే ఇంకో సంగతుంది. ఎముకలకు పాకిందని తెలిశాక ఆయన పద్నాలుగేళ్ళు బతికారు. అందరికీ అలా జరగదు. కాని 'పాకింది కదా, ఇంక చేసేదేముంది' అనడం మాత్రం సరికాదు. ఈ కేన్సరుకు మగ హార్మోనే ఎరువు. దాన్ని ఆపితే జబ్బు కుంచించుకుపోతుందని చార్లెస్ హగ్గిన్స్ 1941లో చూపించారు, 1966లో నోబెల్ బహుమతి అందుకున్నారు. ఆ పని ఇంజక్షన్లతో చేయవచ్చు, నెలకో, మూడు నెలలకో ఒకటి, మానకూడదు. లేదా వృషణాలను చిన్న ఆపరేషన్‌తో తీసేయవచ్చు. ఒకసారి ఖర్చు, మళ్ళీ తిరగనక్కర్లేదు. దూరాభారం, డబ్బు చూసుకుంటే రెండోదే చాలామందికి నయం. కాని మనసు ఒప్పుకోవాలి, బలవంతం కూడదు. ఏ దారైనా ఒళ్ళు ఆవిర్లు, నీరసం, ఎముకలు గుల్లబారడం ఉంటాయి. వీటికి తోడుగా వాడే అబిరాటెరోన్ వంటి బిళ్ళలు ఇప్పుడు మన దేశపు కంపెనీలే తయారు చేస్తున్నాయి.

ఈ దశలో వారిని ఒక్క విషయంలో కనిపెట్టి ఉండాలి. వెన్ను నొప్పితో పాటు కాళ్ళు తేలిపోతున్నా, తిమ్మిరెక్కి నడక తడబడినా, మూత్రం, విరేచనం తెలియకుండా పోతున్నా వెన్నుపూస లోపలి నరం నలుగుతోందని అర్థం. అదే రోజు పెద్దాస్పత్రికి చేర్చాలి. గంటలు గడిచేకొద్దీ కాళ్ళు తిరిగి వచ్చే అవకాశం తగ్గిపోతుంది. కట్టు కట్టించడం, తైలం రాయించడం అప్పుడు చేసే పనులు కావు.

ఆపరేషన్ అయిన వారికి ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి పి.ఎస్.ఎ. పరీక్ష. గ్రంథే లేదు గనుక అంకె దాదాపు సున్నాకు దిగాలి. మొదటి ఏడాది మూడు నెలలకోసారి, తర్వాత ఆరు నెలలకోసారి, అయిదేళ్ళు దాటాక ఏడాదికోసారి. 0.2 దాటి పెరుగుతూ ఉంటే గ్రంథి ఉన్న చోట కిరణాలు పెడతారు, తొందరగా పెడితే ఫలితం బాగుంటుంది. వీలైతే ప్రతిసారీ ఒకే ల్యాబులో చేయించి, ఆ చీటీలన్నీ తేదీ వారీగా ఒకే ఫైలులో ఉంచాలి. కొడుకులు, అన్నదమ్ములు నలభై అయిదు దాటాక ఆ ఫైలు సంగతి డాక్టరుకు చెప్పి, తామూ పరీక్ష చేయించుకోవాలేమో అడగాలి. తండ్రికి గాని, అన్నదమ్ములకు గాని ఉంటే ఈ జబ్బు వచ్చే అవకాశం మిగతావారి కన్నా రెట్టింపు.